రెండుసార్లు పోసిన మట్టి: మా మొక్కల అక్వేరియం అనుభవం

చేపలు కావాలని మా అమ్మాయి పోరు పెట్టింది. మొక్కలు పెట్టాలన్న పిచ్చి మాత్రం నాదే. షాపులో ఓ అద్దాల తొట్టి చూశాను. అడుగున నల్లటి మట్టి, దాని మీద పచ్చటి గడ్డి, మధ్యలో ఓ మొద్దు, ఆకుల సందుల్లోంచి ఎర్రగా మెరుస్తూ పోయే చిన్న చేపలు. అది చూశాక రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు కంటికి ఆనలేదు.

2025 జూన్ 8, ఆదివారం. కూకట్‌పల్లిలోని ఓ షాపులో తొట్టి కొన్నాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. స్టాండు, లైటు, ఫిల్టర్ కలిపి 4,200 రూపాయలు. అంతవరకు బాగానే ఉంది. మొక్కలకు అడుగున ఏం వేయాలని అడిగితే షాపతను ఒక బస్తా చూపించాడు. ఆక్వా సాయిల్ అట. 9 లీటర్ల బస్తా 3,900 రూపాయలు.

మట్టికి 3,900! మాది మిర్యాలగూడ వైపు. నాన్న ఇప్పటికీ వరి వేస్తారు. మూడెకరాల రైతు కూతురు డబ్బిచ్చి మట్టి కొనడమేంటని రోషం వచ్చింది. ‘మొక్కలన్నాక ఏ మట్టిలోనైనా పెరుగుతాయిలే’ అనుకుని బయటికి వచ్చేశాను. దారిలో నర్సరీలో కుండీల మట్టి రెండు సంచులు 240కి, ఇంకో చోట తెల్లటి రాళ్ల చిప్స్ 300కి తీసుకున్నాను. 3,360 రూపాయలు మిగిలాయని మా ఆయనకు లెక్క చెప్పి మరీ మురిసిపోయాను.

జూన్ 15న తొట్టి నింపాం. అడుగున రెండున్నర అంగుళాల మట్టి, పైన చిప్స్. నీళ్లు పోస్తుంటేనే మొదటి షాక్. ఆ మట్టిలో సగం కొబ్బరి పొట్టు. అదంతా చిప్స్ సందుల్లోంచి పైకి లేచి తేలింది. టీ వడకట్టే జాలీతో రాత్రి పదకొండు దాకా తోడుతూనే ఉన్నాను. తెల్లారి చూస్తే నీళ్లు చిక్కటి డికాక్షన్ రంగులో ఉన్నాయి. షాపుకి ఫోన్ చేస్తే రెండు మూడు రోజుల్లో తేరుకుంటుందని, తర్వాత చేపలు వేసుకోవచ్చని చెప్పారు. నీళ్లు పూర్తిగా తేరుకోలేదు కానీ మా అమ్మాయి ఆగలేదు. జూన్ 20న నియాన్ టెట్రాలు అనే చిన్న చేపలు పది తెచ్చాం. ఒక్కోటి 30 రూపాయలు.

24వ తేదీకి ఆరు చచ్చిపోయాయి.

ఒక్కో చేపకీ మా అమ్మాయి పేరు పెట్టుకుంది. పొద్దున్నే స్కూల్ బస్సు రాకముందే నేను లేచి, చచ్చినవాటిని వలతో తీసేసి, ‘మొక్కల వెనక దాక్కున్నాయి’ అని రెండు రోజులు అబద్ధం చెప్పాను. మూడో రోజు అదే లెక్కపెట్టుకుంది. ఆ పూట ఇద్దరం ఏడ్చాం.

అప్పుడు కొన్నాను అమ్మోనియా టెస్ట్ కిట్, 750 రూపాయలు. అసలు తొట్టి కంటే ముందు కొనాల్సింది అదే. గాజు గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు కలిపితే అమ్మోనియా లేకుంటే పసుపు రంగు ఉండాలి. నాకు ముదురు ఆకుపచ్చ వచ్చింది. కార్డులో అది 4 పీపీఎం గడి, అంటే పది లక్షల వంతుల్లో నాలుగు వంతులు. కుండీల మట్టిలో వర్మీ కంపోస్ట్ ఉంది. అది నీళ్లలో కుళ్లుతూ, చేపలకు విషమైన అమ్మోనియా వదులుతోంది. దాన్ని తినే బాక్టీరియా కొత్త తొట్టిలో ఇంకా పుట్టలేదు. మిగిలిన నాలుగు చేపలను 20 లీటర్ల టబ్బులోకి మార్చి, గాలిపంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, రోజూ కొంచెం నీళ్లు మారుస్తూ వచ్చాను. అవి అక్కడే రెండు నెలలు ఉంటాయని అప్పుడు తెలియదు.

జులై 6, తొలి ఏకాదశికి నాన్న వచ్చారు. హాల్లో తొట్టి ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు చూశారు. మట్టిలోంచి అప్పుడప్పుడు ఒక్కో బుడగ పైకొస్తోంది. “పుల్ల ఉంటె ఇయ్యి బిడ్డా” అన్నారు. అగరుబత్తి పుల్ల ఇస్తే మట్టిలోకి గుచ్చారు. బుడబుడమని ఒక గుంపు బుడగలు లేచి, గదంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఒక మొక్క పీకి వేళ్లు చూపించారు. నల్లగా, మెత్తగా ఉన్నాయి.

“జీలుగ కలియదున్నినంక మురగనియ్యకుండ తెల్లారే నాటేస్తమా?” అని అడిగారు. జీలుగ అంటే పచ్చిగానే మడిలో కలిపి దున్నే ఎరువు పంట.

“వెయ్యం నాన్నా.”

“మరి ఈడ చేసింది అదే కదనే. పైంగ గాలాడనియ్యవైతివి. వరి వేరు మంచిగుంటె ఇటుక రంగుల ఉంటది. గిట్ల నల్లబడ్డదంటె మడి మురిగినట్టే.”

ఎన్ని వీడియోలు చూసినా ఎక్కనిది ఆ రెండు మాటలతో ఎక్కింది. అక్వేరియం అడుగు అంటే చిన్న వరి మడే. నీళ్ల కింద మట్టిలో గాలి ఉండదు. పచ్చి ఎరువు కుళ్లితే గంధకం కలిసిన వాయువు పుడుతుంది. అదే ఆ గుడ్డు వాసన. బతికున్న వేరు తన చుట్టూ కొంచెం ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి తట్టుకుంటుంది. కానీ రెండున్నర అంగుళాల మెత్తటి ఎరువు మట్టిలో, ఇంకా నాటుకోని మొక్క ఏం తట్టుకుంటుంది?

ఆ ఆదివారమే అంతా పీకేశాం. తడి మట్టి రెండు బకెట్లయింది. టెర్రస్ మీద కనకాంబరం కుండీల్లో పోశాను. ఆ కుండీలు ఇప్పుడు విరగబూస్తున్నాయి, అది వేరే సంగతి.

తెల్ల చిప్స్ సంగతి కూడా నాన్న వల్లే బయటపడింది. “ఇవి సున్నపురాళ్ల లెక్క ఉన్నయ్” అంటే ఒక గుప్పెడు రాళ్లు ఎండబెట్టి నిమ్మకాయ పిండాను. సోడాలా నురగ వచ్చింది. అంటే అవి సున్నం ఉన్న రాళ్లే, బహుశా పాలరాయి ముక్కలు. నీళ్లలో ఉంటే కొద్దికొద్దిగా కరుగుతూ నీళ్ల గట్టిదనం, అంటే అందులో కరిగిన సున్నం, పెంచుతూనే ఉంటాయి. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, అసలే 870. దానికి తోడు ఇవి.

ఈసారి కొనేముందు పది రోజులు ఆగాను. ఒక కాగితం మీద ముందు మొక్కల పేర్లు రాసుకున్నాను. మట్టి సంగతి ఆ తర్వాత. ఇది చాలామంది తలకిందులుగా చేస్తున్నారు. అనుబియాస్, జావా ఫెర్న్ లాంటివి మొద్దుకో రాయికో దారంతో కట్టేస్తే బతికేస్తాయి. వాటి దుంపను మట్టిలో పాతితే కుళ్లిపోతుంది కూడా. అవి మాత్రమే పెట్టేవాళ్లు ఆక్వా సాయిల్ మీద రూపాయి కూడా పెట్టక్కర్లేదు, కడిగిన ఇసుక చాలు. నాకు కావాల్సినవి క్రిప్టోకోరైన్, అమెజాన్ స్వోర్డ్. ఈ రెండూ వేళ్లతో తినే రకాలు. వీటికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఉత్త ఇసుక వేసి, వేళ్ల దగ్గర ఎరువు మాత్రలు గుచ్చుతూ పోవడం. చవక, నీళ్ల గొడవ లేదు, కానీ గుర్తుపెట్టుకుని చేస్తూనే ఉండాలి. రెండు, ఆక్వా సాయిల్. మట్టిని చిన్న గుళికలుగా చేసి కాల్చినది. గుళికల మధ్య నీళ్లు ఆడతాయి కాబట్టి తొందరగా మురగదు. నీళ్లలోని పోషకాలను పట్టి ఉంచుకుని వేళ్లకు ఇస్తుంది. గుర్తుపెట్టుకుని చేయడం నా వల్ల అయ్యే పని కాదు. టబ్బులో నాలుగు చేపలు నా వైపు చూస్తున్నాయి. 3,900కే తల ఊపాను.

ఎంత కావాలో లెక్క సులువే. పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. 60, 30, 6 వేస్తే 10.8 లీటర్లు వచ్చింది. మరో బస్తా కొనే మనసు రాక, వెనక వైపు ఎత్తు కోసం లావా రాయి ముక్కలు 400 రూపాయలవి తీసుకుని, దోమతెర గుడ్డలో మూటలు కట్టి కింద పెట్టాను. వెనక ఎత్తులో ఉండేదానికి అంత ఖరీదైన మట్టి ఎందుకు?

జులై 17న బస్తా వచ్చింది. 20న, ఆదివారం, మళ్లీ మొదలు.

ఇసుకైతే ఏడు నీళ్లు కడగాలి. ఇది అస్సలు కడగకూడదు, చేత్తో నలిపితే గుళిక చితికి బురదైపోతుంది. తొట్టి ముందు వైపు మూడు సెంటీమీటర్లు, వెనక మూటల మీద ఏడు. స్ప్రే బాటిల్‌తో బాగా తడిపి, నీళ్లు పోయకముందే మొక్కలు నాటాను. పొడవాటి పటకారు లేకపోతే ఈ పని జరగదు. చేతివేళ్లతో గుచ్చితే చేయి తీసేటప్పుడు మొక్క కూడా వచ్చేస్తుంది. మొక్కల ఖర్చు 1,350. తర్వాత మట్టి మీద పాలిథిన్ కవర్ పరిచి, దాని మీద టిఫిన్ ప్లేటు పెట్టి, ప్లేటు మీద సన్నటి పైపుతో నీళ్లు వదిలాను. 65 లీటర్లు నిండడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. కానీ అద్దంలోంచి అవతలి గోడ కనిపించింది! డికాక్షన్ అనుభవం తర్వాత అది చూస్తే కళ్లు చెమర్చాయి.

నీళ్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, మా ఊళ్లలో బోరు నీళ్లతోనే అసలు తంటా. ఈ మట్టి నీళ్లలోని గట్టిదనాన్ని తనలోకి లాక్కుని పీహెచ్‌ను తగ్గిస్తుంది, అంటే నీళ్లను కొంచెం పులుపు వైపుకి తెస్తుంది. ఆ శక్తి దానికి కొంతే ఉంటుంది. 870 టీడీఎస్ నీళ్లు పోస్తూ పోతే అది తొందరగా అయిపోతుంది, డబ్బు పెట్టిన గుణం పోయి మామూలు గుళికలు మిగులుతాయి. అలాగని ఉత్త ఆర్వో నీళ్లు కూడా మంచిది కాదు, మొక్కలకు కాల్షియం, మెగ్నీషియం కావాలి. మూడు వంతులు వీధి చివరి ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ నీళ్లు, ఒక వంతు బోరు నీళ్లు కలిపాను. టీడీఎస్ 250 దగ్గర నిలబడింది. క్యాన్ 15 రూపాయలు. రోజూ క్యాన్లు తెప్పిస్తుంటే వాచ్‌మన్ “ఇంట్ల ఫంక్షన్ ఉందా మేడమ్?” అని అడిగాడు.

ఎందుకు రోజూ అంటే, ఇది ఎవరూ ముందు చెప్పని విషయం. ఖరీదైన ఆక్వా సాయిల్ కూడా మొదట్లో అమ్మోనియా వదులుతుంది! మూడో రోజు, జులై 22న టెస్ట్ చేస్తే మళ్లీ అదే ముదురు ఆకుపచ్చ, 4 పీపీఎం. గొట్టం చేతిలో పట్టుకుని వంటింట్లో అలాగే కూలబడ్డాను. ఇంత ఖర్చు పెట్టి మళ్లీ అక్కడికే వచ్చానా అని. బస్తా వెనక చిన్న అక్షరాల్లో నీళ్లు తరచుగా మార్చాలని రాసి ఉంది. ఆ మాటకి అర్థం ఇదని అప్పుడు తెలిసింది. పోషకాలు నింపిన మట్టి కాబట్టి మొదట్లో అది మామూలే. తేడా ఒకటే, ఈసారి తొట్టిలో చేపలు లేవు.

మొదటి వారం రోజూ సగం నీళ్లు మార్చాను, 30 లీటర్లు. ఆఫీసు కాల్స్ మధ్య బకెట్లు మోశాను. రెండో వారం రోజు మార్చి రోజు. తర్వాత వారానికి రెండుసార్లు. నడుం నొప్పికి స్ప్రే కూడా ఈ ఖర్చులో కలపాలేమో. చివరికి లెక్క వేస్తే 22 క్యాన్లు, 330 రూపాయలు. అమ్మోనియాను బాక్టీరియా తిన్నాక వచ్చే మెట్టు నైట్రైట్, అదీ చేపలకు విషమే కాబట్టి దాని కిట్ మరో 650.

ఆగస్టు 3న నైట్రైట్ మొదటిసారి కనిపించింది, గులాబీ రంగు. అంటే అమ్మోనియా తినే బాక్టీరియా పుట్టిందన్నమాట. 10న ఒక పని చేశాను. టబ్బులో చేపలకు పెట్టిన స్పాంజ్ ఫిల్టర్ అప్పటికి నెల పైనే నడుస్తోంది. దాన్ని కొత్త తొట్టి నీళ్లలో పిండాను. గోధుమ రంగు మడ్డి అంతా తొట్టిలో కలిసింది. మా ఆయన చూసి “శుభ్రంగా ఉన్న నీళ్లలో ఇదేంటి?” అని అరిచారు. పాలు తోడుపెట్టడం లాంటిదని చెప్పాను. పాత పెరుగు చుక్క పడితేనే కదా పాలు పెరుగయ్యేది. నాలుగు రోజులకు, 14న, అమ్మోనియా గొట్టం పచ్చి నిమ్మకాయ రంగు వదిలి శుద్ధ పసుపులోకి వచ్చింది. తోడు వల్లనో, దాని టైమ్ వచ్చేసరికి అదే వచ్చిందో.

ఈలోగా మొక్కలు ఇంకో టెన్షన్ పెట్టాయి. నాటిన పదో రోజు నుంచి క్రిప్టోకోరైన్ ఆకులు గాజులా పలచబడి, జావగా కరిగిపోవడం మొదలైంది. రెండు వారాల్లో ఎనిమిది మొక్కల్లో ఆరు మొండి కాడలు. మళ్లీ వేళ్లు నల్లబడ్డాయేమోనని పీకి చూడబోయాను. నాన్నకు వీడియో కాల్ చేస్తే “నాటిన వారానికి నారు ఎర్రబడితే పీకుతమా? వేరు తన్నుకోనియ్యి” అన్నారు. మొక్కలు అమ్మినావిడ కూడా అదే చెప్పింది, నీళ్లు మారితే ఈ జాతి ఆకు రాల్చుకోవడం మామూలేనట. కరిగిన ఆకులు మాత్రం తీసేశాను, అవి కుళ్లితే మళ్లీ అమ్మోనియా. అద్దాల మీద, రాళ్ల మీద గోధుమ రంగు దుమ్ములా పాచి కూడా పట్టింది. లైటు ఎనిమిది గంటల నుంచి ఆరుకి తగ్గించి, పాత టూత్‌బ్రష్‌తో తుడుస్తూ ఊరుకున్నాను. సెప్టెంబర్ మొదటి వారానికి దానంతట అదే పోయింది.

ఆగస్టు 26, వినాయక చవితి ముందు రోజు. ముప్పై ఎనిమిదో రోజు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. నమ్మకం లేక మరో మూడు రోజులు చూశాను, మళ్లీ సున్నా. 31న నాలుగు చేపలూ టబ్బు నుంచి తొట్టిలోకి వెళ్లాయి. మా అమ్మాయి ఈసారి పేర్లు పెట్టలేదు. “ముందు చూద్దాం” అంది. ఎనిమిదేళ్ల పిల్ల నోట ఆ మాట వింటే గుండె కలుక్కుమంది. రెండు వారాలు ఆగి ఇంకో ఆరు తెచ్చాం. పదీ ఉన్నాయి. పేర్లు అక్టోబర్‌లో వచ్చాయి.

మట్టిని చూసుకోవడం గురించి ఈ మూడు నెలల్లో నేను చేసిన పనులకంటే మానుకున్న పనులే ఎక్కువ. వీడియోల్లో చూపించినట్టు సైఫన్ గొట్టాన్ని మట్టిలోకి గుచ్చి పీల్చడం ఒకసారి ప్రయత్నించాను. గుళికలే పైకొచ్చేశాయి, నీళ్లు సాయంత్రం దాకా మబ్బుగా ఉన్నాయి. ఇప్పుడు గొట్టాన్ని మట్టికి అంగుళం పైన తిప్పి చెత్త మాత్రం లాగుతాను. స్వోర్డ్ చోటు మార్చాలని పీకినప్పుడు తెలిసింది, దాని వేళ్లు జానెడు పైనే పాకాయి. దాంతో పాటు మట్టి పెళ్ల లేచింది. అప్పటి నుంచి మార్చాలంటే చుట్టూ వేళ్లు కత్తిరించి మెల్లగా తీస్తున్నాను, ఆ రోజే నీళ్లు కూడా మారుస్తున్నాను. వెనక కట్టిన వాలు కొంచెం కొంచెం ముందుకు జారుతోంది. ఏడు సెంటీమీటర్లు ఇప్పుడు ఐదున్నర. ముందే ఒక రాళ్ల వరస అడ్డం పెట్టి ఉండాల్సింది, పొలానికి గట్టు లేనట్టయింది.

మొక్కలతో పాటు ఫ్రీగా వచ్చిన నత్తలు కొన్ని ఉన్నాయి. శంకులా పొడవుగా, మలేషియన్ ట్రంపెట్ అంటారు. పగలంతా మట్టిలో దూరి తవ్వుతూ ఉంటాయి. మొదట అసహ్యించుకున్నాను. ఇప్పుడు వానపాములనుకుని వదిలేశాను, మట్టి గుల్లగా ఉంటోంది. మేత ఎక్కువేస్తే మాత్రం వాటి సంఖ్య పెరిగిపోతుంది, అది నా చేతిలోనే ఉంది.

షాపులో ఎరువు మాత్రల డబ్బా కూడా అంటగట్టారు, పది మాత్రలు 350. కొత్త మట్టిలోనే కావాల్సినంత బలం ఉంది, వాటిని ఇప్పుడే గుచ్చితే పాచికి మేత వేసినట్టే. ఫ్రిజ్ పైన పెట్టాను. మట్టి సారం తగ్గి స్వోర్డ్ ఎదగడం ఆపినప్పుడు చూద్దాం. సెప్టెంబర్ చివర్లో స్వోర్డ్ ముదురాకుల్లో సూదితో పొడిచినట్టు చిల్లులు కనిపించాయి. అది పొటాషియం లోపం. మట్టిలో అన్నీ ఉంటాయనుకోవడం నా భ్రమ. వారానికోసారి ద్రవ రూపంలో పొటాషియం వేస్తున్నాను. కొత్తాకులు నిండుగా వస్తున్నాయి.

రెండోసారి ఖర్చు, తొట్టి కాకుండా, 7,380. మొదటిసారి మట్టి, రాళ్లు, చేపలకు పోయింది 840. మిగిల్చానని చెప్పిన 3,360 గురించి మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటారు.

దసరాకు నాన్న మళ్లీ వచ్చారు. ఈసారి పుల్ల అడగలేదు. కళ్లజోడు తీసి అద్దానికి ముఖం ఆనించి, ముందు అంచు దగ్గర మట్టిలో పాకుతున్న క్రిప్టోకోరైన్ వేళ్లు చూశారు. తెల్లగా ఉన్నాయి. పక్కనే కొత్త పిలక ఒకటి లేస్తోంది. “దుబ్బు కడుతున్నది” అన్నారు, అంతే.

మొన్న దీపావళికి పై ఫ్లోర్ వాళ్లు కొత్త తొట్టి కొన్నారు. అడుగున వేయడానికి తెచ్చుకున్న రాళ్లు చూపించడానికి వాళ్లబ్బాయి ఒక కవర్‌లో పట్టుకొచ్చాడు. తెల్లగా నిగనిగలాడుతున్నాయి. ఫ్రిజ్ తీసి అరచెక్క నిమ్మకాయ వాడి చేతిలో పెట్టాను.